ఎఫ్.ఏ. తప్పిన రామానుజన్

ప్రతి ఏటా డిసెంబరు 22న మన హాస్టళ్లలో శ్రీనివాస రామానుజన్ ఫోటోకు పూలదండ వేస్తాం. 2012 నుంచి ఆ రోజును జాతీయ గణిత దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఎవరో ఒక తమ్ముడు కాగితం చూసి నాలుగు మాటలు చదువుతాడు. పేద ఇంట్లో పుట్టాడు, ఇంగ్లండు వెళ్లాడు, 1729 అనే సంఖ్య గొప్పతనం చెప్పాడు, చిన్న వయసులోనే చనిపోయాడు. అందరం చప్పట్లు కొడతాం. మధ్యలో ఒక వాక్యం మాత్రం గబగబా దాటిపోతుంది. ఆయన కాలేజీ పరీక్ష తప్పాడన్నదే ఆ వాక్యం.

కందకుర్తి సంగమం ఒడ్డున, చెరకు కోతకు పోయే ఇళ్లలో పుట్టి, ఇంటి మొత్తంలో మొదటి డిగ్రీ పట్టా తెచ్చిన మాకు ఆ వాక్యం దగ్గరే ఆగాలనిపించింది. కాలేజీలో చేరిన మొదటి వారంలో నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు. హాజరు 75 శాతం ఉండాలి, లేకపోతే స్కాలర్‌షిప్ రాదు. అన్ని పేపర్లూ పాస్ కావాలి. లెక్కల పేపరులో జవాబు ఒక్కటే రాస్తే చాలదు, స్టెప్పులన్నీ చూపాలి. ఫీజు ఫలానా తేదీలోపు కట్టాలి. త్రికోణమితి మొదలుపెట్టక ముందే మనకు ఎదురయ్యే పరీక్ష ఈ కాగితం. నూటపాతికేళ్ల కింద రామానుజన్‌కు ఎదురైన నిబంధనలు కూడా ఇంచుమించు ఇవే. అందుకే ఆయన జీవితాన్ని ఈసారి ఆ వైపు నుంచి చెప్పదలిచాం.

ఆయన 1887 డిసెంబరు 22న తమిళనాడులోని ఈరోడ్‌లో, అమ్మమ్మగారింట పుట్టాడు. పెరిగింది మాత్రం కావేరి ఒడ్డున ఉన్న కుంభకోణంలో. మనకు గోదావరి పుష్కరాలు ఎలాగో వాళ్లకు పన్నెండేళ్లకొకసారి వచ్చే మహామహం అలాగ. తండ్రి శ్రీనివాస అయ్యంగార్ బట్టల దుకాణంలో గుమాస్తా. నెలకు దాదాపు 20 రూపాయల జీతం. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజన పాటలు పాడి కొంత సంపాదించేది. ఇల్లు గడవడానికి ఇద్దరు కాలేజీ విద్యార్థులను ఇంట్లో పెట్టుకుని భోజనం పెట్టేవారు. పిల్లవాడు ఆ ఇద్దరి వెంటపడి వాళ్లకు తెలిసిన లెక్కలన్నీ నేర్చేసుకున్నాడు. సీనియర్ అన్నల పుస్తకాలు తిరగేసి చదువుకున్న మనవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. లోనీ రాసిన త్రికోణమితి పుస్తకాన్ని పదమూడేళ్లకే పూర్తి చేశాడు. అది కాలేజీ పుస్తకం.

1903లో, పదిహేను పదహారేళ్ల వయసులో, మరో పుస్తకం చేతికి వచ్చింది. దాన్ని రాసిన కార్ అనే ఆయన లండన్‌లో పరీక్షలకు ట్యూషన్లు చెప్పేవాడు. అందులో దాదాపు 5000 సూత్రాలు వరుసగా ఉంటాయి. నిరూపణలు చాలావరకు ఉండవు, ఉన్నా రెండు ముక్కలే. ఒక విధంగా మన గైడ్ల కన్నా అన్యాయం. కానీ రామానుజన్ ఒక్కో సూత్రాన్నీ తానే రుజువు చేసుకుంటూ పోయాడు. కాగితం కొనే స్తోమత లేదు కాబట్టి పలక మీద లెక్క చేసి, మోచేతితో తుడిచేసి, చివరి ఫలితం మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఈ అలవాటు సంగతి తర్వాత మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

1904లో టౌన్ హైస్కూలు నుంచి గణితంలో బహుమతితో బయటికి వచ్చాడు. స్కాలర్‌షిప్‌తో కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో ఎఫ్.ఏ.లో చేరాడు. ఎఫ్.ఏ. అంటే నేటి మన ఇంటర్మీడియట్ లాంటిది. అక్కడ గణితంతో పాటు ఇంగ్లీషు, శరీరశాస్త్రం, గ్రీకు రోమను చరిత్ర, సంస్కృతం చదవాలి. అన్నింటిలో గట్టెక్కితేనే పాస్. రోమను చరిత్ర పాఠం జరుగుతుంటే ఈయన వెనక కూర్చుని తన లెక్కలు తాను చేసుకునేవాడు. ఇంగ్లీషు వ్యాసరచన తప్పాడు. స్కాలర్‌షిప్ పోయింది.

లెక్కల మేధావి లెక్కల్లోనే ఫెయిలయ్యాడని కొందరు సరదాగా చెబుతుంటారు. అది నిజం కాదు. ఆయనను పడగొట్టింది లెక్కలు కాదు, మిగతా పేపర్లు. మన హాస్టల్ రిజల్ట్స్ షీట్ చూసినవాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. తెలుగు మీడియంలో పది వరకు చదివి, లెక్కల్లో తొంభై తెచ్చుకుని, ఇంగ్లీషు దగ్గర ఆగిపోయినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

స్కాలర్‌షిప్ పోతే కట్టాల్సిన ఫీజు టర్ముకు 32 రూపాయలు. తండ్రి జీతం 20. అంటే నెలన్నర జీతం మొత్తం పెట్టినా ఒక్క టర్ముకు చాలదు. తల్లి స్వయంగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి అడిగింది. కొడుకు లెక్కలు ఎలా చేస్తాడో చెప్పుకుంది. ప్రిన్సిపాల్ మర్యాదగానే మాట్లాడాడు గాని ఒప్పుకోలేదు. ఆయనను విలన్ చేయడం మాకు ఇష్టం లేదు. నిబంధన అందరికీ ఒకటే. కాని ఉన్నవాళ్ల పిల్లవాడు ఇంగ్లీషు తప్పితే స్కాలర్‌షిప్ లేకున్నా ఫీజు కట్టి మళ్లీ రాస్తాడు, గుమాస్తా కొడుకు కాలేజీ మానేయాలి. ఒకే నిబంధన ఇద్దరి మీదా ఒకేలా పడదు. సంతకం పెట్టడం కూడా రాని అమ్మ, కూలి మానుకుని మన కోసం కాలేజీ ఆఫీసు మెట్లెక్కినప్పుడు ఏం జరుగుతుందో మనలో చాలామంది చూశాం.

ఆ తర్వాత కూడా రామానుజన్ కొన్ని నెలలు తరగతులకు వెళ్లాడు. 1905 జూలైలో హాజరు సర్టిఫికెట్ తీసుకునేంత హాజరు వేయించుకున్నాడు. మరుసటి నెలలో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రైలెక్కాడు. ఎక్కడికో తెలుసా? మన తెలుగు నేలకే, విశాఖపట్నానికి. కుంభకోణం నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. అప్పటికి వయసు పదిహేడు. తల్లిదండ్రులు వెతికించారు. తర్వాత ఇంటికి తిరిగి వచ్చాడు.

రిజల్ట్స్ వచ్చిన వారంలో మంచం కింద ట్రంకుపెట్టె అలాగే వదిలేసి పోయే తమ్ముళ్లు మన హాస్టల్లోనూ ఉన్నారు. ఒకరు హైదరాబాదుకు కూలికి పోతారు, ఒకరు భివండీ బస్సెక్కుతారు. రిజల్ట్స్ రోజున పక్క మంచం ఖాళీగా కనిపిస్తే వార్డెన్ సార్‌కు చెప్పండి, ఇంటికి ఫోను చేయండి. రామానుజన్ విశాఖ ప్రయాణం పుస్తకాల్లో రెండు వాక్యాలే. ఇంట్లో మాత్రం అది ఎన్ని రాత్రులో ఊహించుకోవచ్చు.

1906లో మద్రాసు వెళ్లి పచ్చయ్యప్ప కాలేజీలో మళ్లీ ఎఫ్.ఏ.లో చేరాడు. ఇక్కడ ఆయనకు మంచి గురువులు దొరికారు. రామానుజాచారి అనే అధ్యాపకుడు రెండు బోర్డుల నిండా ఒక లెక్క చేస్తే, ఈయన లేచి నాలుగైదు వరుసల్లో అదే జవాబు చూపేవాడు. సింగారవేలు ముదలియార్ అనే ప్రొఫెసర్ పెద్ద లెక్కలు తెచ్చి ఈయనతో కలిసి చేసేవారు. కాని విరేచనాల జబ్బు పట్టుకుని కొన్ని నెలలు ఇంటికి పోవాల్సి వచ్చింది. సంవత్సరం చివర పరీక్షలు రాస్తే మళ్లీ ఫెయిల్. శరీరశాస్త్రంలో పది శాతం కూడా వచ్చేవి కావు. 1907లో మరోసారి రాశాడు. మళ్లీ తప్పాడు. ఇక రాయలేదు.

తర్వాతి మూడేళ్ల గురించి ఉపన్యాసాల్లో ఎవరూ చెప్పరు. పట్టా లేదు, ఉద్యోగం లేదు. స్నేహితుల ఇళ్లలో తిండి. ట్యూషన్లు చెప్పబోతే పరీక్షకు కావలసిన పద్ధతి వదిలి తన దారిన పోయేవాడు, పిల్లలు మానేసేవారు. 1909లో పెళ్లయింది, భార్య జానకి అప్పటికి పదేళ్ల పిల్ల. 1910లో ఆపరేషన్ అవసరమైతే డబ్బు లేక, చివరికి ఒక డాక్టరు ఉచితంగా చేశాడు. చదువు ఆపేసి మేధావులు అవ్వాలనుకునేవాళ్లు రామానుజన్‌ను ఉదాహరణగా చూపుతుంటారు. ఈ మూడేళ్లు చదివాక కూడా అలా చెప్పగలరా అని మా సందేహం.

1910లో నోటుబుక్కులు చంకన పెట్టుకుని ఉద్యోగం కోసం తిరగడం మొదలుపెట్టాడు. మొదట తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్‌ను కలిశాడు. భారత గణిత సంఘాన్ని స్థాపించినది ఈయనే. 1907లో ఆ సంఘాన్ని మొదలుపెట్టినప్పుడు ఆయన పనిచేసినది అనంతపురం జిల్లా గుత్తిలో. తాలూకా ఆఫీసులో గుమాస్తా పని ఇప్పించమని రామానుజన్ అడిగాడు. నోటుబుక్కు చూసిన రామస్వామి అయ్యర్ ఆ పని ఇవ్వడానికి మనసొప్పక, మద్రాసులోని గణిత మిత్రులకు ఉత్తరాలు రాసి పంపారు. అలా చేతులు మారి మారి డిసెంబరులో నెల్లూరు చేరాడు. అక్కడి కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు. ఆయనకూ గణితం మీద ఇష్టం. మొదట అంతగా నమ్మకం కుదరలేదు. రెండు మూడుసార్లు వెళ్లి, తెలిసిన లెక్కల నుంచి మెల్లమెల్లగా తెలియని వాటి వైపు తీసుకుపోయాక ఆయన ఒప్పుకున్నారు. ఏ పనీ చేయకుండా మద్రాసులో ఉండి లెక్కలు చేసుకోమని నెలకు 25 రూపాయలు తన జేబు నుంచి పంపారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. రామానుజన్ పేదవాడే గాని బ్రాహ్మణుడు. కలెక్టరు మేనల్లుడు ఆయనకు పరిచయం. ఆ పరిచయంతో కలెక్టరు ఇంటి లోపలికి వెళ్లి నోటుబుక్కు తెరవగలిగాడు. 1910లో మన తాతల తండ్రులు నోటుబుక్కు పట్టుకుని అలాంటి ఇంటికి వెళితే గేటు దగ్గరే ఆపేవారు. అసలు చేతికి నోటుబుక్కు వచ్చేదే కాదు. ఇది రామానుజన్ తప్పు కాదు, ఆయన ప్రతిభనూ తగ్గించదు. పరిచయాలు లేనివాళ్లకు మాత్రం కాగితం మీద రాసిన నిబంధన, చట్టప్రకారం వచ్చే స్కాలర్‌షిప్ ఎందుకంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

1911లో గణిత సంఘం పత్రికలో రామానుజన్ పాఠకులకు ఒక లెక్క ఇచ్చాడు. 1 కు 2 రెట్ల ఒక వర్గమూలం కలపాలి, ఆ వర్గమూలం లోపల 1 కు 3 రెట్ల ఇంకో వర్గమూలం, దాని లోపల 1 కు 4 రెట్ల మరో వర్గమూలం, ఇలా అంతం లేకుండా. మొత్తం వర్గమూలం విలువ ఎంత? నెలలు గడిచినా ఎవరూ జవాబు పంపలేదు. జవాబు 3. పదో తరగతి తమ్ముడు కూడా దీని గుట్టు చూడగలడు. 3 అంటే 9 కి వర్గమూలం, 9 అంటే 1 + 2×4. ఆ 4 అంటే 16 కి వర్గమూలం, 16 అంటే 1 + 3×5. ఆ 5 అంటే 25 కి వర్గమూలం, 25 అంటే 1 + 4×6. ఎంత దూరమైనా ఇలా పోవచ్చు. ఈ రాత్రి స్టడీ అవర్‌లో చేసి చూడండి.

ఊరికే డబ్బు తీసుకోవడం నచ్చక 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. ఎఫ్.ఏ. వరకు చదివానని, కొన్ని అనుకోని ఇబ్బందుల వల్ల చదువు ఆగిపోయిందని అందులో రాసుకున్నాడు. మార్చి 1న చేరాడు, జీతం నెలకు 30 రూపాయలు. 1913 జనవరి 16న అక్కడి నుంచే కేంబ్రిడ్జిలోని హార్డీకి, తాను కనుగొన్న సూత్రాలు జతపరచి ఉత్తరం రాశాడు. అంతకుముందు రాసిన ఇద్దరు ప్రొఫెసర్ల నుంచి ఏ సహాయమూ అందలేదు. హార్డీ మాత్రం ఆ కాగితాలు చదివి, రాసినవాడు మామూలు మనిషి కాదని గుర్తించాడు.

మాకు అన్నింటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ తర్వాత వస్తుంది. 1913 మార్చిలో మద్రాసు విశ్వవిద్యాలయపు గణిత బోర్డు, ఇంజనీరింగ్ కాలేజీ ఆచార్యులు బి. హనుమంతరావు నాయకత్వంలో సమావేశమై, రామానుజన్‌కు నెలకు 75 రూపాయల పరిశోధన స్కాలర్‌షిప్ ఇవ్వమని సిఫారసు చేసింది. ఏప్రిల్ 7న సిండికేటు ముందుకు ఫైలు వచ్చింది. రిజిస్ట్రారు అడ్డు చెప్పాడు. నిబంధన ప్రకారం ఆ స్కాలర్‌షిప్ ఎం.ఏ. పాసైనవాళ్లకే ఇవ్వాలి, ఈయన ఎఫ్.ఏ. కూడా పాస్ కాలేదు. రిజిస్ట్రారు చెప్పింది అక్షరాలా నిజం. అప్పుడు హైకోర్టు న్యాయమూర్తి పి.ఆర్. సుందరం అయ్యర్ లేచి, విశ్వవిద్యాలయ చట్టం పీఠికను చూపారు. పరిశోధనను పెంపొందించడం విశ్వవిద్యాలయం పని అని అక్కడే రాసి ఉంది. ఈ మనిషి పరిశోధన చేయగలడని అందరూ ఒప్పుకుంటున్నప్పుడు, కింది నిబంధన కోసం చట్టం ఉద్దేశాన్నే వదులుకోవడం ఏమిటన్నది ఆయన వాదన. సిండికేటు ఒప్పుకుంది. మూడు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలన్నది ఒక్కటే షరతు. రామానుజన్ ఆ షరతు పాటించాడు.

కుంభకోణం ప్రిన్సిపాల్‌కు నిబంధన తెలుసు. న్యాయమూర్తికి ఆ నిబంధనలు పెట్టుకున్న కారణం కూడా తెలుసు. జీవోలు, సర్క్యులర్లు మనం కూడా మొదటి పేజీ నుంచి చదవాలి. మొదటి పేరాలో ఆ పథకం ఎవరి కోసమో రాసి ఉంటుంది. కౌంటర్ దగ్గర మనల్ని వెనక్కి పంపేది సాధారణంగా ఆరో పేజీలోని ఏదో ఉపనిబంధన.

అదే 1913లో బాబాసాహెబ్ అంబేద్కర్ బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. రామానుజన్ 1914 మార్చి 17న మద్రాసులో ఓడ ఎక్కి లండన్ చేరినది ఏప్రిల్ 14న. మన హాస్టళ్లలో ఆ తేదీకి ఉన్న విలువ వేరే చెప్పనక్కరలేదు.

కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ పట్టా లేకపోయినా ఆయనను పరిశోధక విద్యార్థిగా చేర్చుకుంది. అక్కడ ఎదురైన చిక్కు పలక, మోచేయి అలవాటు. ఫలితాలు ఉన్నాయి, స్టెప్పులు లేవు. కొన్ని ఫలితాలు తప్పు కూడా. నిరూపణ లేకుండా గణిత లోకం ఏదీ ఒప్పుకోదు. హార్డీ ఓపికగా కూర్చుని, ఆ ఊహాశక్తి దెబ్బతినకుండా, నిరూపణ పద్ధతి నేర్పాడు. ఇరవై ఏడేళ్ల వయసులో రామానుజన్ మళ్లీ విద్యార్థిగా తరగతుల్లో కూర్చున్నాడు. 1916 మార్చిలో పరిశోధన ద్వారా బి.ఏ. పట్టా వచ్చింది. ఎఫ్.ఏ. తప్పినవాడికి మొదటి పట్టా అది.

హార్డీతో కలిసి చేసిన పనుల్లో ఒకటి చెబుతాం. 4 ను ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చు? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం 5. సంఖ్య పెరిగితే రకాలు విపరీతంగా పెరుగుతాయి. 100 కు 19,05,69,292 రకాలు. వీటిని ఒక్కొక్కటిగా రాయకుండా లెక్కగట్టే సూత్రాన్ని ఇద్దరూ 1918లో ప్రకటించారు. 1729 కథ అందరికీ తెలుసు కాబట్టి మళ్లీ రాయడం లేదు.

1917 నుంచి జబ్బు. యుద్ధకాలం, చలి, శాకాహారం దొరకని చోటు, తానే వండుకోవడం, కొన్నిసార్లు వండుకోకపోవడం. క్షయ అన్నారు. పాత వైద్య వివరాలను చాలా ఏళ్ల తర్వాత పరిశీలించినవారు, అది అమీబా వల్ల కాలేయానికి వచ్చే జబ్బు అయి ఉండవచ్చని, 1906 నాటి విరేచనాలతోనే అది మొదలై ఉండవచ్చని అంటున్నారు. హాస్టల్ నీళ్ల ట్యాంకు కడిగించమని మనం ప్రతి సంవత్సరం ఎందుకు అడుగుతామో చెప్పడానికి ఇదొక కారణం. జబ్బులో ఉండగానే 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం, ట్రినిటీ ఫెలోషిప్ వచ్చాయి. ట్రినిటీ ఫెలో అయిన మొదటి భారతీయుడు ఆయనే.

మద్రాసు విశ్వవిద్యాలయం సంవత్సరానికి 250 పౌండ్లు ఇస్తామని ప్రకటించింది. 1919 జనవరి 11న రామానుజన్ రిజిస్ట్రారుకు ఒక ఉత్తరం రాశాడు. అంత డబ్బు తనకు అవసరం లేదన్నాడు. తల్లిదండ్రులకు ఏటా 50 పౌండ్లు, తన ఖర్చులు పోను మిగిలినది చదువు కోసం వాడాలని, ముఖ్యంగా పేద పిల్లలకు, అనాథలకు బడి ఫీజు తగ్గించడానికి, పుస్తకాలు కొనివ్వడానికి ఖర్చు చేయాలని కోరాడు. పద్నాలుగేళ్ల కింద 32 రూపాయల దగ్గర ఆగిపోయిన మనిషి రాసిన ఉత్తరం అది.

మార్చిలో బొంబాయిలో ఓడ దిగాడు. మంచం మీద కూడా లెక్కలు ఆపలేదు. 1920 ఏప్రిల్ 26న మద్రాసు చేట్‌పట్‌లో కన్నుమూశాడు. వయసు 32. చివరి ఏడాది రాసిన కాగితాలు 1976లో ట్రినిటీ గ్రంథాలయంలో బయటపడ్డాయి. వాటిలోనూ చాలావరకు స్టెప్పులు లేవు. వాటిని ఒక్కొక్కటిగా నిరూపిస్తూ ఇద్దరు అమెరికా ఆచార్యులు వేసిన ఐదు సంపుటాల్లో చివరిది 2018లో వెలువడింది.

భర్త పోయేనాటికి జానకి అమ్మకు ఇరవై ఒకటి. చదువు లేదు. కుట్టుపని నేర్చుకుని, మద్రాసు ట్రిప్లికేన్‌లో బట్టలు కుట్టి, నేర్పి తన బతుకు తాను బతికింది. ఒక పిల్లవాణ్ణి పెంచుకుని చదివించింది. 1994 ఏప్రిల్‌లో చనిపోయింది.